సుఖంగా కూర్చోబెట్టే చక్రాల కుర్చీ - అద్దెకు తెచ్చుకొనే ముందు తెలుసుకోవలసినవి

మన ఇండ్లలో పెద్దవారికి పక్షవాతం వచ్చినపుడు మందుల విషయం పదిమందిని అడుగుతాము. ఏ తైలంతో మర్దనా చేయవలెను, పథ్యం ఏమిటి, ఉలవకట్టు పెట్టవచ్చునా అని ఆరా తీస్తాము. కాని రోగి రోజుకు ఐదారు గంటలు గడపబోయే కుర్చీ విషయం వచ్చేసరికి "ఏదో ఒక చక్రాల కుర్చీ పట్టుకురండి" అని ఊరుకుంటాము. కుర్చీ కూడ ఔషధం వంటిదే. ఎవరికి, ఎంత కొలతలో, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలియకుండా ఇచ్చిన ఔషధం ఎట్లు హాని చేయునో, కొలత కుదరని కుర్చీ కూడ అట్లే హాని చేయును.

చల్లపల్లి, ఘంటసాల, అవనిగడ్డ ప్రాంతాలలో రోగుల ఇండ్లకు వెళ్ళి చూచే అలవాటు నాకు చాలా ఏండ్లుగా ఉన్నది. మంచం మీద వచ్చిన పుండ్ల కంటే కుర్చీలో వచ్చిన పుండ్లు తక్కువేమీ కాదని ఆ అనుభవం వల్ల తెలిసింది. అందుచేత చక్రాల కుర్చీలలో ఒక ప్రత్యేకమైన రకాన్ని గురించి, అంటే శరీరాన్ని సరియైన స్థితిలో నిలిపి, అవసరమైనపుడు వెనుకకు వాల్చగల పొజిషనింగ్ కుర్చీని గురించి, దానిని కొనుటకు ముందు అద్దెకు తెచ్చి పరీక్షించుకొనే విధానం గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

మామూలు కుర్చీకి, దీనికి భేదమేమి?

ఆసుపత్రులలోను, రైల్వే స్టేషన్లలోను మనం చూచే మడత కుర్చీ 1930ల తొలినాళ్ళలో అమెరికాలో రూపొందింది. గని ప్రమాదంలో నడక కోల్పోయిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరు, అతని మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి, కారులో పెట్టుకొని తీసుకుపోవుటకు వీలుగా దానిని తయారుచేశారు. మడవడానికి అనువుగా ఉండవలెనని దాని ఆసనాన్ని గుడ్డతోనో, రెక్సిన్‌తోనో చేస్తారు. కొంతకాలానికి ఆ గుడ్డ ఉయ్యాలవలె దిగిపోవును. తొడలు లోపలికి ఒరుసుకొనును, నడుము ఒక ప్రక్కకు ఒరుగును, వీపు వంగిపోవును. ఒక చోటినుండి ఇంకొక చోటికి తీసుకుపోవుటకు అది చాలును. గంటల తరబడి కూర్చుండుటకు చాలదు.

కూర్చున్నవారి సౌకర్యం కోసం కుర్చీని వాల్చే ఆలోచన మాత్రం ఇంకా పాతది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కీళ్ళవాతంతో బాధపడుతున్నపుడు, వీపు వాలునట్లు, కాళ్ళు పైకి లేచునట్లు చక్రాలు గల ఒక కుర్చీని చేయించుకొన్నాడు. 1595 నాటి దాని చిత్రం నేటికీ ఉన్నది.

నేడు వాలే కుర్చీలలో ముఖ్యంగా రెండు రకాలు గలవు.

మొదటిది రిక్లైనింగ్ కుర్చీ. దీనిలో ఆసనం కదలదు, వీపు మాత్రమే వెనుకకు వాలును. మన వసారాలలో ఉండే పడక కుర్చీ దీనికి దగ్గరగా ఉండును. వీపు వాలిన కొద్దీ శరీరం క్రిందికి జారును. అట్లు జారునపుడు చర్మం కుర్చీకి అంటుకొని అక్కడే ఉండును, లోపలి ఎముక మాత్రం ముందుకు జరుగును. ఈ రాపిడియే పుండ్లకు ముఖ్యకారణాలలో ఒకటి.

రెండవది టిల్ట్ కుర్చీ. దీనిలో ఆసనం, వీపు రెండూ కలిసి ఒక్కటిగా వెనుకకు ఒరుగును. పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొన్న తల్లి, బిడ్డను కదపకుండా తాను వెనుకకు ఒరిగినట్లు ఉండును. తుంటి, మోకాళ్ళ వంపు మారదు. శరీరం జారదు. పిరుదుల మీది బరువులో కొంత వీపు మీదికి పోవును. తలను, మెడను నిలుపుకోలేనివారికి ఇది మేలు.

కొన్ని కుర్చీలలో రెండు సదుపాయాలూ ఉండును. అట్టివానిలో ముందు ఆసనాన్ని టిల్ట్ చేసి, ఆ తరువాతనే వీపును వాల్చవలెను. లేపునపుడు ముందు వీపును నిలిపి, తరువాత ఆసనాన్ని యథాస్థితికి తేవలెను. ఈ వరుస తప్పితే శరీరం జారును.

ఎంత వాల్చవలెనని చాలామంది అడుగుతారు. పది, పదిహేను డిగ్రీల వాలు కూర్చున్న స్థితి చెడకుండా చూచుటకు మాత్రమే ఉపయోగపడును. పిరుదుల మీది ఒత్తిడి చెప్పుకోదగినంత తగ్గుటకు సుమారు 30 డిగ్రీలు, లేక అంతకు మించి వాల్చవలెను. గడియారంలో ముల్లు 12 నుండి 1 వరకు కదిలినంత మేర 30 డిగ్రీలు. అద్దెకు తెచ్చే కుర్చీ అంతవరకు వాలునో లేదో దుకాణంలోనే చూచుకోవలెను.

ఎవరికి అవసరం? ఎవరికి వద్దు?

పక్షవాతం వల్ల నడుము నిలువక ఒక ప్రక్కకు పడిపోయేవారికి, ముదిరిన పార్కిన్‌సన్ వ్యాధి గలవారికి, మెడవద్ద వెన్నుపాము దెబ్బతిన్నవారికి, మతిమరపు వ్యాధి ముదిరి కూర్చున్న చోటినుండి జారిపోయేవారికి, సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో తల నిలుపలేనివారికి ఈ కుర్చీ చాలా ఉపకరించును.

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినవారికి, చేతులలో బలముండి చక్రాలను తామే త్రిప్పుకోగలవారికి సాధారణంగా ఇది అవసరముండదు. పొజిషనింగ్ కుర్చీలు చాలావరకు వెనుకనుండి మరొకరు నెట్టవలసినవి. తనంతట తాను వంటయింటి వరకు పోగల మనిషిని ఇందులో కూర్చోబెట్టితే ఆ స్వేచ్ఛ పోవును.

ఇక్కడ ఆయుర్వేదం చెప్పిన ఒక మాట స్మరించవలెను. చరకుడు ప్రమేహానికి కారణాలు చెప్పునపుడు, ఎల్లప్పుడు కూర్చుండి ఉండే సుఖాన్ని వానిలో మొదట చేర్చాడు. ఆసనం సుఖంగా ఉండవలెను, నిజమే. కాని కుర్చీ మనిషిని కదలకుండా ఉంచుటకు కాదు. మంచం మీదనుండి లేపి, కుటుంబం మధ్యకు తెచ్చి, మిగిలిన శక్తిని వాడుకొనునట్లు చేయుటకు. నడకకు అవకాశమున్న రోగికి ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం మాని కుర్చీకే అంకితం చేయరాదు.

ఎవరి కొలత వారిదే

శరీరాన్ని కొలుచుటకు ఆయుర్వేదం చక్కని సూత్రం చెప్పినది. ఎవరి శరీరాన్ని వారి అంగుళంతోనే, అనగా వారి వ్రేలి వెడల్పుతోనే కొలువవలెను. ఆ లెక్కన మనిషి పొడవు 84 అంగుళాలని చరకుడు, 120 అంగుళాలని సుశ్రుతుడు చెప్పారు. కొలిచే పద్ధతులలో భేదమున్నను, కొలబద్ద ఆ మనిషిదే కావలెనన్న భావం ఒక్కటే. కుర్చీకి కూడ ఇదే వర్తించును. ప్రక్కింటివారికి సరిపోయిన కుర్చీ మనకు సరిపోవునని నమ్మరాదు.

రోగిని మెత్తని మంచం మీద కాక, గట్టి బల్ల మీద ఇద్దరు పట్టుకొని కూర్చోబెట్టి, దర్జీ టేపుతో ఈ కొలతలు తీసి కాగితం మీద వ్రాసుకోవలెను.

1. తుంటి వెడల్పు: రెండు తుంటుల మధ్య వెడల్పైన చోట కొలువవలెను. ఆసనం దీనికంటే రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండవలెను. "వెడల్పుగా ఉంటే హాయి" అన్నది అపోహ. వెడల్పైన ఆసనంలో రోగి ఒక ప్రక్కకు ఒరిగిపోవును. బజారులో ఎక్కువగా దొరికే 18 అంగుళాల ఆసనం సన్నని స్త్రీలకు చాలా వెడల్పగును.

2. ఆసనం లోతు: పిరుదుల వెనుక భాగం నుండి మోకాలి మడత వరకు కొలిచి, అందులోనుండి మూడు మొదలు ఆరు సెంటీమీటర్లు తగ్గించవలెను. లోతు ఎక్కువైతే అంచు మోకాలి మడతను నొక్కును. ఆ బాధ తప్పించుకొనుటకు రోగి ముందుకు జారును. లోతు తక్కువైతే తొడలకు ఆధారం చాలక బరువంతా పిరుదుల మీదనే పడును.

3. కాలి పొడవు: మోకాలి మడత నుండి మడమ వరకు. ఆసనం మీద వేయబోయే మెత్త మందాన్ని కూడ లెక్కలోకి తీసుకొని ఫుట్‌రెస్టును అమర్చవలెను. పాదాలు గాలిలో వ్రేలాడరాదు, మోకాళ్ళు పైకి లేవరాదు. ఫుట్‌రెస్టు నేలకు కనీసం ఐదు సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను.

4. మోచేయి ఎత్తు: చేతిని వంచినపుడు ఆసనం నుండి మోచేయి వరకు. చేతి ఆధారం ఎత్తైతే భుజాలు పైకి లేచును. మరీ తక్కువైతే పక్షవాతం వచ్చిన చేయి వ్రేలాడి భుజం కీలు జారును.

5. భుజం, తల ఎత్తు: వాలే కుర్చీకి తల ఆధారం తప్పనిసరి. అది తల వెనుక భాగాన్ని మోయవలెను గాని, తలను ముందుకు నెట్టరాదు.

ఇంటిని కూడ కొలువవలెను

రోగిని కొలిచిన టేపుతోనే ఇంటిని కూడ కొలువవలెను. టిల్ట్ కుర్చీ మామూలు మడత కుర్చీకంటే పొడవైనది, బరువైనది. మామూలు కుర్చీ 15 నుండి 20 కిలోలు ఉంటే, ఇది 25, 30 కిలోలకు మించవచ్చును. వాల్చి, కాళ్ళు చాచినపుడు ఇంకా స్థలం కావలెను. వెనుకకు వాల్చుటకు గోడకు, కుర్చీకి మధ్య ఖాళీ ఉన్నదో లేదో చూడవలెను.

మన ప్రాంతంలోని ఇండ్లకు మూడు చిక్కులు గలవు. మొదటిది గడప. పసుపు కుంకుమలతో పూజించే గడపను తీసివేయుటకు ఎవరూ ఇష్టపడరు, తీయనవసరమూ లేదు. కదల్చుటకు వీలైన చెక్క ర్యాంపును రెండువైపులా వేసుకోవచ్చును. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండవలెనన్నది సూత్రం. ఆరు అంగుళాల గడపకు ఆరు అడుగుల ర్యాంపు కావలెను. పొట్టి చెక్క వేసి బలవంతంగా ఎక్కించితే కుర్చీ వెనుకకు తిరగబడును.

రెండవది స్నానాల గది తలుపు. పాత ఇండ్లలో అది రెండు, రెండున్నర అడుగులే ఉండును. పొజిషనింగ్ కుర్చీ అందులోనికి పోవునని ఆశించరాదు. స్నానానికి, మలవిసర్జనకు సన్నని చక్రాల కమోడ్ కుర్చీ వేరుగా ఉంచుకొనుట మేలు. మంచి కుర్చీని నీటిలో తడిపితే ఇనుము త్రుప్పు పట్టును, మెత్త పాడగును.

మూడవది వీధి అరుగు మెట్లు. ఎత్తైన మెట్లమీదుగా ఇంత బరువైన కుర్చీని రోగితో సహా ఎత్తుట ఇద్దరికి కూడ ప్రమాదమే. వీధిలోనికి పోవుటకు తేలికైన మడత కుర్చీ, ఇంటిలో కూర్చుండుటకు పొజిషనింగ్ కుర్చీ అని విడదీసుకొన్న కుటుంబాలు సుఖపడినట్లు చూచాను.

ముందు అద్దెకే ఎందుకు?

పక్షవాతం వచ్చిన తరువాత మొదటి మూడు నెలలలోనే చాలామందిలో ఎక్కువ మార్పు కనిపించును. మొదటి వారం తల నిలుపలేని మనిషి మూడవ నెలకు తానే కూర్చోగలగవచ్చును. మరికొందరికి క్రమంగా క్షీణించే వ్యాధులుండును. వారికి ఈనాడు సరిపోయిన కుర్చీ ఏడాదికి సరిపోకపోవచ్చును. శరీరం మారుచున్న కాలంలో వేలకు వేలు పోసి కొనుట కంటే అద్దెకు తెచ్చుకొనుట వివేకం.

ఖర్చు లెక్క కూడ సులభమే. కుర్చీ ధరను నెల అద్దెతో భాగించవలెను. ఉదాహరణకు అద్దె ధరలో పదవవంతు అనుకొంటే, పది నెలలకు ధర చెల్లినట్లే. వైద్యుడు మూడు నాలుగు నెలల అవసరం అని చెప్పితే అద్దె లాభం. ఏండ్ల తరబడి అవసరమని తేలితే ఒకటి రెండు నెలలు అద్దెకు వాడి, కొలతలు కుదిరినవని రూఢి చేసుకొని కొనవలెను. కొన్ని దుకాణాలవారు కట్టిన అద్దెలో కొంత ధరలో తగ్గింతురు. ఆ మాట ముందే అడగవలెను.

మామూలు మడత కుర్చీలు మచిలీపట్నం వంటి చోట్ల సర్జికల్ షాపులలో దొరకును. టిల్ట్ కుర్చీ కోసం సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ పోవలసి రావచ్చును. ఆసుపత్రులు దట్టంగా ఉన్న గవర్నర్‌పేట, సూర్యారావుపేటలలో విచారించుట మంచిది. బయలుదేరుటకు ముందే ఫోనులో మీ కొలతలు చెప్పి, ఆ కొలతకు దగ్గరి కుర్చీ ఉన్నదో లేదో కనుక్కోవలెను. "ఉన్నది రండి" అన్న మాట చాలదు. ఆసనం వెడల్పు ఎన్ని అంగుళాలో అడగవలెను.

మాట్లాడుకోవలసిన షరతులు ఇవి: నెల అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, అది ఎప్పుడు తిరిగి ఇస్తారు? నెల మధ్యలో తిరిగి ఇస్తే సగం అద్దెనా, పూర్తి అద్దెనా? రవాణా ఖర్చు ఎవరిది? చెడిపోతే బాగుచేయువారెవరు, అంతవరకు వేరొక కుర్చీ ఇస్తారా? కొలత కుదరకపోతే వారంలోపల మార్చుకోవచ్చునా? ఈ చివరి షరతు అన్నింటికంటే ముఖ్యం. అన్నీ రసీదు మీద వ్రాయించుకోవలెను. కుర్చీకి ముందే ఉన్న గీతలు, చినుగులు కూడ దానిపై వ్రాయించితే తిరిగి ఇచ్చునాడు పేచీ ఉండదు.

మా ఇంటి అనుభవం

మా తండ్రిగారికి కుడివైపు పక్షవాతం వచ్చినపుడు విజయవాడ నుండి ఒక టిల్ట్ కుర్చీ అద్దెకు తెచ్చుకొన్నాము. వారు బక్కపలుచని మనిషి. ఫోనులో చెప్పిన కొలత ఒకటి, బండి నుండి దింపిన కుర్చీ మరొకటి. దాని ఆసనం చాలా వెడల్పు. అరగంటలోనే వారు కుడివైపునకు ఒరిగిపోయారు. దుకాణం పేరు ఇక్కడ అప్రస్తుతం. వారంలోపల మార్చుకోవచ్చునన్న షరతు రసీదు మీద ఉండుటచేత నాలుగవనాడు సన్నని కుర్చీ వచ్చింది.

ఆ రెండవ కుర్చీలో ఆయన మొదటిసారి తల నిలిపి, వసారాలోనికి వచ్చి, వార్తాపత్రికను ఎడమచేతితో పట్టుకొని చూచారు. మాట ఇంకా రాలేదు. పత్రికలో ఒక చోట వ్రేలు పెట్టి మా అమ్మగారి వైపు చూచి నవ్వారు. నాలుగు నెలలు అద్దె కట్టాము. ఆ తరువాత వారికి మామూలు కుర్చీయే సరిపోయింది. మొదటి కుర్చీనే కొని ఉంటే, అది మా ఇంట మూలన పడి ఉండేది. ఆయన మంచానికే పరిమితమై ఉండేవారు.

తీసుకొనే ముందు పరీక్ష

అద్దె కుర్చీని పదిమంది వాడి ఉందురు. కనుక దుకాణంలోనే ఇవి చూడవలెను.

బ్రేకులు వేసి నెట్టి చూడవలెను, చక్రం కదలరాదు. వెనుకకు పడకుండా ఆపే చిన్న చక్రాలు రెండూ ఉండవలెను. కుటుంబంలో రోగికి సమానమైన బరువుగలవారు కూర్చుండి, కుర్చీని పూర్తిగా వాల్చి, మధ్యలో ఆపి చూడవలెను. మధ్యలో నిలువక జారితే దానిని తీసుకొనరాదు. ఖాళీ కుర్చీని వాల్చి చూపించితే సరిపోదు.

ఆసనం క్రింద, అతుకుల మధ్య త్రుప్పు, నల్లులు ఉన్నవేమో పరిశీలించవలెను. ఇంటికి తెచ్చిన తరువాత సబ్బునీటితో తుడిచి, ఆరిన తరువాత క్రిమిసంహారక ద్రావణంతో మరల తుడిచి ఎండలో కాక నీడ గాలికి ఆరబెట్టవలెను.

ఆసనం మీది మెత్తను మాత్రం అద్దెకు తీసుకొనరాదు, కొత్తది కొనుక్కోవలెను. ఇతరుల మూత్రం, చెమట ఇంకిన ఫోము శుభ్రం కాదు, పైగా ఒత్తుకుపోయి ఉండును. మెత్త పనిచేయునో లేదో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష కలదు. రోగి కూర్చున్న తరువాత పిరుదుల ఎముక క్రింద, మెత్తకు అడుగుభాగాన చేయి పెట్టి చూడవలెను. ఎముక చేతికి గట్టిగా తగిలితే ఆ మెత్త నిరుపయోగం. మధ్యలో రంధ్రం గల గాలి ట్యూబును వాడే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. అది చుట్టూ చర్మాన్ని నొక్కి రక్తప్రసారాన్ని తగ్గించును, వాడరాదు.

కూర్చోబెట్టే విధానం

ఇల్లు కట్టునపుడు పునాది ముందు వేసినట్లు, కూర్చోబెట్టునపుడు నడుమును ముందు సరిచేయవలెను. బ్రేకులు వేసి, పిరుదులను ఆసనం వెనుక చివరివరకు జరుపవలెను. రెండు తుంటులు సమానంగా ఉన్నవో లేవో చూచి, బెల్టును పొట్టమీద కాక తుంటి ఎముకల క్రింద, తొడల మొదట కట్టవలెను. బెల్టు జారకుండుటకే గాని మనిషిని బంధించుటకు కాదు. తరువాత తొడలు, ఆ తరువాత పాదాలు, వీపు, భుజాలు, చివరకు తల. తల ఒరిగినదని తల క్రింద దిండ్లు పేర్చితే లాభం లేదు. కారణం చాలాసార్లు నడుములో ఉండును.

పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకొని ఎన్నడూ పైకి లాగరాదు. ఆ చేతిని ట్రే మీదనో, మెత్తని దిండు మీదనో కనబడునట్లు ఉంచవలెను. కాళ్ళ వాపునకు కాళ్ళు పైకి ఎత్తుట మంచిదే. కాని తొడ వెనుక నరాలు బిగిసినవారికి మోకాళ్ళను చాపి ఎత్తితే నడుము ముందుకు లాగబడి శరీరం జారును. అట్టివారికి మోకాలి వంపు చెడకుండా కుర్చీ మొత్తాన్ని టిల్ట్ చేయుటయే మేలు.

ఎంతసేపు? చర్మాన్ని ఎట్లు చూడవలెను?

మొదటినాడు 20, 30 నిమిషాలు చాలును. మంచం మీదికి చేర్చిన తరువాత పిరుదులు, త్రికం, మడమలు, మోచేతులు పరిశీలించవలెను. ఎర్రబారిన చోటు అరగంటలో మామూలు రంగుకు వస్తే మరునాడు కొంతసేపు పెంచవచ్చును. రాకపోతే తగ్గించవలెను, ఆ చోటుకు పూర్తి విశ్రాంతి ఇవ్వవలెను. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడదు. అందుచేత చేతితో తాకి చూడవలెను. చుట్టుప్రక్కల కంటే వేడిగానో, గట్టిగానో ఉంటే, రంగు ముదిరితే పుండు మొదలగుచున్నదని గ్రహించవలెను.

కూర్చున్నంతసేపు కనీసం గంటకొకసారి 30 డిగ్రీలకు పైగా వాల్చి కొన్ని నిమిషాలు ఉంచవలెను. గోడ గడియారం కనబడే చోట కుర్చీ పెట్టుకొంటే మరపు రాదు. మధుమేహం ఉన్నవారిలో, స్పర్శ లేనివారిలో పుండు త్వరగా ముదురును. చర్మం చిట్లితే గృహవైద్యం చేయక వెంటనే వైద్యునికి చూపవలెను.

ఆహారం, తైలం, స్నానం

వాల్చి ఉన్న స్థితిలో అన్నం గాని, నీరు గాని, మందు గాని ఎన్నడూ పెట్టరాదు. ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయం కలుగవచ్చును. కుర్చీని నిటారుగా నిలిపి, గడ్డం కొద్దిగా క్రిందికి వంగునట్లు కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా తినిపించవలెను. తిన్న తరువాత అరగంట నిటారుగానే ఉంచవలెను. మింగునపుడు దగ్గు వచ్చేవారిని వైద్యుడు పరీక్షించిన తరువాతనే నోటిద్వారా ఆహారం ఇవ్వవలెను.

పక్షాఘాతాన్ని ఆయుర్వేదం వాతవ్యాధులలో చేర్చినది. వైద్యుని సలహాపై మహానారాయణ తైలం, క్షీరబలా తైలం వంటివానితో మర్దనా చేయుట మనకు అలవాటే. అయితే మర్దనా చేసిన వెంటనే కుర్చీలో కూర్చోబెట్టరాదు. నూనె వల్ల శరీరం జారును, మెత్త కూడ పాడగును. మర్దనా తరువాత గోరువెచ్చని నీటితో స్నానం చేయించి, పెసరపిండితో జిడ్డు వదిలించి, తడిలేకుండా అద్ది, అప్పుడు కూర్చోబెట్టవలెను. ఎర్రబారిన ఎముక చోట్ల మర్దనా చేయనేకూడదు. లోపలి కణజాలం ఇంకా దెబ్బతినును. స్పిరిట్‌తో రుద్దుట కూడ మానవలెను.

కూర్చుండుట వల్ల మలబద్ధం కలుగును. వైద్యుడు నీటిని పరిమితం చేయనివారికి తగినంత నీరు, మజ్జిగ, ఆకుకూరలు ఇవ్వవలెను. తేలికగా ఉన్న మలం వల్ల ముక్కవలసిన అవసరముండదు.

మన వాతావరణం, మరమ్మతులు

కృష్ణా డెల్టాలో ఎండాకాలం ఉక్క ఎక్కువ. రెక్సిన్ మీద చెమట పట్టి చర్మం నానును. గాలి ఆడే నూలు తొడుగు ఒక్క పొరగా వేయవలెను. దుప్పట్లు మడతలు పెట్టి వేస్తే ముడుతలు నొక్కుకొనును. దివిసీమ వైపు ఉప్పుగాలికి కీళ్ళు, స్క్రూలు త్రుప్పు పట్టును గనుక వారానికొకసారి తుడిచి నూనె చుక్క వేయవలెను.

టైరు, ట్యూబు, బేరింగు పనులు మన ఊరి సైకిల్ షాపువారు చేయగలరు. టిల్ట్ చేసే గ్యాస్ సిలిండరు, తీగ వారికి అలవాటు లేనివి. ఆ భాగాలకు దుకాణం పూచీ ఉండవలెను. కరెంటుతో వాలే కుర్చీ తీసుకొంటే, కరెంటు లేనపుడు చేతితో దింపే వీలున్నదో లేదో చూడవలెను. 1977 నవంబరు ఉప్పెనను చూచిన ప్రాంతం మనది. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు ఈ బరువైన కుర్చీని వెంట తీసుకుపోలేము. రోగిని ఎత్తుటకు ఎవరు వస్తారో, ఏ వాహనమో ముందే అనుకొని ఉంచవలెను.

ప్రభుత్వ సహాయం

కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో కాన్పూరులో చక్రాల కుర్చీలు తయారుచేయుచున్నది. వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే అడిప్ పథకం 1981 నుండి ఉన్నది. 60 ఏండ్లు దాటిన, ఆదాయం తక్కువైన వృద్ధులకు ఉపకరణాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైనది. వీనిలో లభించేవి ఎక్కువగా మామూలు కుర్చీలు. వీధిలోనికి తీసుకుపోవుటకు అవి ఉపకరించును. పూర్తిగా మంచానికి లేక చక్రాల కుర్చీకి పరిమితమైన పక్షవాత రోగులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుండి పింఛను నెలకు 15,000 రూపాయలకు పెంచినది. అర్హత విషయం గ్రామ సచివాలయంలో విచారించుకోవలెను. వైకల్య ధ్రువపత్రం ముందుగా తీసుకొని ఉంచుట అన్నింటికీ మేలు.

ప్రపంచంలో సుమారు 8 కోట్లమందికి చక్రాల కుర్చీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుర్చీ ఇచ్చినంత మాత్రాన చాలదు, కొలత చూచి అమర్చి, వాడుట నేర్పి, మరల మరల పరిశీలించవలెనని కూడ ఆ సంస్థ చెప్పుచున్నది. ఆ పరిశీలన చేయువారు దగ్గర లేనిచోట ఇంటివారే చేయవలెను. కొలతల కాగితాన్ని కుర్చీ వెనుక సంచిలో ఉంచి, నెలకొకసారి మరల కొలిచి చూడవలెను. రోగి చిక్కినా, లావైనా, నడుములో బలం వచ్చినా కుర్చీని మార్చవలెను.

చల్లపల్లిలో 2014 నుండి స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామున వీధులు శుభ్రపరచి చెట్లు పెంచుచున్నారు. ఆ నీడలో కుర్చీని నెట్టుకుపోవుటకు సాయంకాలం అనువైన సమయం. తెలిసినవారు పలుకరింతురు, గాలి తగులును. మీ ఇంటి రోగిని రోజుకొక అరగంటయైనా గుమ్మం దాటించండి.